ఆవ్ బా బా ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా? కొలతల నుంచి గుండీల దాకా

వియత్నాం దుస్తులనగానే చాలామందికి పొడవాటి ఆవ్ జాయ్ గుర్తొస్తుంది. అది పండగలకు, పెళ్ళిళ్ళకు, ఆఫీసులకు వేసుకునేది. దక్షిణాన మెకాంగ్ డెల్టా పల్లెల్లో పొలం పనికీ, పడవ నడపడానికీ, సంతకీ వేసుకునే చొక్కా పేరు ఆవ్ బా బా. కాలరు ఉండదు, మెడ గుండ్రంగా ఉంటుంది. ముందు నిలువునా గుండీలు, కింద రెండు జేబులు, పక్కల చీలికలు, పొడవు చేతులు. దానికి జతగా నల్ల ప్యాంటు, మెడలో గళ్ళ కండువా, నెత్తిన ఆకుల టోపీ.

దీన్ని సరిగ్గా కుట్టడం ఎలాగని చాలామంది అడుగుతున్నారు. ఇక్కడ చెప్పేది పాత పద్ధతి. ఇందులో భుజం మీద కుట్టు ఉండదు, చెయ్యి ఒంటితోపాటే ఒకే గుడ్డలో వస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటికి ఎక్కువగా మెడ నుంచి చంక దాకా ఏటవాలు కుట్టుండే రాగ్లాన్ చేతులు, ఛాతీ దగ్గర టక్స్ (బిగువు కోసం వేసే మడత కుట్లు) ఉంటాయి. అవి ఒంటికి అతుక్కుని అందంగానే ఉంటాయి కానీ కటింగ్ కష్టం. మొదటిసారి కుట్టేవాళ్ళకు పాత పద్ధతే మేలు.

బ్లౌజులు కుట్టి చెయ్యి తిరిగినవాళ్ళు ఇక్కడే ఎక్కువగా తప్పుతారు. అలవాటుగా భుజానికి వాలు ఇస్తారు, చంక బిగిస్తారు, నడుము నొక్కుతారు. ఆ మూడూ చేశాక మిగిలేది మామూలు టాప్. ఈ చొక్కా వదులుగానే ఉండాలి. చంక కింద కాసిని ముడతలు పడతాయి, అది లోపం కాదు. చెయ్యి పూర్తిగా పైకి లేవడానికి కావలసిన గుడ్డ అదే.

1. గుడ్డ ఎంపిక

కావలసినది 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ, 2.25 మీటర్లు. ఇది ఛాతీ 36, పొడవు 26 అంగుళాల చొక్కాకు లెక్క. 54 అంగుళాలు ఒంటికి పోతాయి. మిగిలినది ముందు పట్టీలకు, మెడ క్రాసు పట్టీకి (గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ), తప్పు జరిగితే దిద్దుకోవడానికి.

పలచటి పాప్లిన్, కేంబ్రిక్, మెత్తటి చేనేత నూలు బాగుంటాయి. జారే గుడ్డ కావాలంటే రేయాన్ తీసుకోవచ్చు. గట్టి లినెన్, మందపు ఖాదీ వద్దు. భుజానికి వాలు లేదు కాబట్టి బిరుసు గుడ్డ చంక దగ్గర రెక్కల్లా నిలబడుతుంది.

మంగళగిరి నూలుతో కుట్టాలనుకుంటే జరీ అంచు లేని థాను తీసుకోండి. ఈ కటింగ్‌లో గుడ్డ అంచు సరిగ్గా మోచేయి దాటాక వచ్చే అతుకులో పడుతుంది. అక్కడ జరీ ఉంటే కుట్టు బిరుసెక్కి చేతికి గుచ్చుకుంటుంది.

పని బట్టలకు నలుపు, గోధుమ లాంటి ముదురు రంగులు వాడేవారు. బయటికి వెళ్ళేటప్పుడు తెలుపు, లేత ఊదా, లేత ఆకుపచ్చ, గులాబీ. పెద్ద పువ్వుల ప్రింట్లయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. గుడ్డ భుజం మీదుగా మడత పడుతుంది కాబట్టి ముందు నిటారుగా ఉన్న పువ్వు వెనక తలకిందులవుతుంది. ఒకే దిక్కున నడిచే డిజైన్లు ఈ పద్ధతికి పనికిరావు.

నిజమైన పట్టు కావాలనుకునేవాళ్ళు లాన్ మీ ఆ అనే నల్ల పట్టు గురించి వినే ఉంటారు. ఆన్ జాంగ్ రాష్ట్రంలోని తాన్ చౌలో నేస్తారు. మాక్ నువా కాయల రసంలో ముంచి, ఎండబెట్టి, మళ్ళీ ముంచి, వారాల తరబడి అదే పని చేస్తే ఆ నలుపు వస్తుంది. ఆ చెట్టు మన బీడీ ఆకు తునికికి దాయాదే, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. ఆ గుడ్డ ఖరీదైనది. మొదటి చొక్కాకు ముట్టుకోవద్దు.

2. కత్తెర పట్టేముందు

నూలు గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. మీటరుకు ఒకటి రెండు అంగుళాలు కుంచించుకోవడం మామూలే. ఉతకకుండా కుడితే మొదటి ఉతుకులోనే చేతులు మణికట్టు పైకి వస్తాయి. ముదురు రంగులైతే నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకండి. పట్టుకు నానబెట్టడం వద్దు, వెనక వైపు నుంచి ఆవిరి ఇస్త్రీ చాలు.

తర్వాత అడ్డంగా ఒక పోగు లాగి, ఆ గీత వెంట కత్తిరించి గుడ్డ చివరను సరిచేయండి. దుకాణంలో కత్తిరించిన అంచును నమ్మకండి. ఈ చొక్కా అంతా రెండు మడతల మీద నిలబడుతుంది. పోగు వంకరైతే ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనక్కి తిరుగుతుంది. కుట్టాక దాన్ని ఎవరూ సరిచేయలేరు.

దగ్గర ఉండాల్సినవి:
– సూది: నూలుకు 14 నంబరు, పట్టుకు, శాటిన్‌కు 11 నంబరు
– గుండీలు 5, అర అంగుళం లోపువి, చదునుగా ఉన్నవి
– పలచటి ఫ్యూజింగ్ బకరం (ఇస్త్రీ వేడికి అతుక్కునే బిరుసు గుడ్డ), అంగుళం వెడల్పు, 24 అంగుళాల ముక్కలు రెండు
– టేపు, చాక్ పీసు, గుండు సూదులు, కచ్చా కుట్టుకు వేరే రంగు దారం

3. కొలతలు

ఐదు కొలతలు చాలు. పక్కన ఇచ్చినవి ఉదాహరణకు మనం వాడబోయే అంకెలు.

– ఛాతీ చుట్టూ: 36
– మెడ మొదట్లో చుట్టూ: 14
– పొడవు, మెడ పక్క నుంచి పిరుదులు కప్పేదాకా: 26
– మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా: 28
– పిరుదుల చుట్టూ: 38

నాలుగో కొలత తీసేటప్పుడు చెయ్యి కాస్త పక్కకు ఎత్తి, మోచేయి కొద్దిగా వంచి ఉంచాలి. చెయ్యి వేలాడేసి తీస్తే ఒక అంగుళం తక్కువ వస్తుంది.

మీ సైజుకు లెక్క ఇలా వేసుకోండి. ఛాతీకి 4 కలిపి, 4తో భాగించి, కుట్టుకోసం అర అంగుళం కలపండి. 36కు 10.5 వస్తుంది, 40కి 11.5. చంక లోతుకు ఛాతీలో నాలుగో వంతు, ఆపైన అర అంగుళం. 36కు 9.5, 40కి 10.5.

4. మడత, గీతలు

54 అంగుళాల ముక్కను ముందుగా విడదీయండి. రెండు అంచుల్లో ఒక్కో పావు అంగుళం గట్టి అంచును కత్తిరించేయండి, అది ఉంటే కుట్టు లాగుతుంది. ఇప్పుడు పొడవును సగానికి మడవండి. ఈ మడత భుజం. తర్వాత వెడల్పును సగానికి మడవండి. ఈ మడత ఒంటి మధ్య గీత. బల్ల మీద నాలుగు పొరలు, 21.75 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు. భుజం మడత పైన, మధ్య మడత మీ ఎడమ చేతి వైపు ఉంచుకోండి.

ఇప్పుడు గీతలు:

అ) మధ్య మడత నుంచి 10.5 అంగుళాలు పక్కకు, భుజం మడత నుంచి 9.5 కిందికి ఒక చుక్క. ఇది చంక.

ఆ) చెయ్యి చివర, అంటే కుడి అంచు దగ్గర, భుజం మడత నుంచి 6.5 కిందికి ఒక చుక్క. చంక చుక్కకు గీత కలపండి.

ఇ) కింది అంచు దగ్గర మధ్య మడత నుంచి 11 అంగుళాల చుక్క. చంక నుంచి అక్కడికి గీత. నడుము దగ్గర లోపలికి నొక్కాలనిపిస్తే అర అంగుళం మించొద్దు.

ఈ) చంక మూలను పదునుగా వదలకండి. అటు రెండున్నర, ఇటు రెండున్నర అంగుళాలు తీసుకుని గుండ్రంగా తిప్పండి.

ఉ) మెడకు ముందుగా చిన్న గీతే గీయండి. మధ్య నుంచి పక్కకు 2.5, ముందు లోతు 2.75, వెనక లోతు అర అంగుళం. చివరికి 2.75 పక్కకు, 3 లోతు కావాలి, కానీ ఆ పావు అంగుళాన్ని వేసి చూశాకే తీయండి. పెద్దదైపోయిన మెడకు మందు లేదు.

ఛాతీ 38 దాటినవాళ్ళకు ముందు భాగం ఎత్తుకుపోతుంది. వాళ్ళు భుజం మడత వేసేటప్పుడే ముందు భాగాన్ని వెనక కంటే ఒక అంగుళం పొడవుగా ఉంచుకోవాలి.

5. కత్తిరించడం

నాలుగు పొరలనూ గుండు సూదులతో బిగించి, పక్క గీత, చెయ్యి గీత కలిపి ఒకేసారి కత్తిరించండి. తర్వాత గుడ్డ విప్పండి. వెనక మెడ, ముందు మెడ విడివిడిగా తీయాలి.

ఇక ముందు భాగం మధ్య గీతను కింది నుంచి పైకి మెడ దాకా మాత్రమే కోయండి. వెనక భాగాన్ని పక్కకు మడిచి దూరంగా పెట్టాకే కత్తెర ఆనించండి. పరధ్యానంలో వెనక కూడా కోసేయడం ఈ చొక్కాలో అందరికంటే ఖరీదైన తప్పు.

చేతుల కింద మిగిలిన నాలుగు ముక్కలు పారేయకండి. ఒక్కొక్కటి సుమారు 10 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉంటుంది. వాటిలో నుంచి:

– చేతి అతుకులు రెండు: నిలువు పోగు వెంట 13, అడ్డ పోగు వెంట 8.5. మధ్యకు మడిచి, అతుకు వైపు 6.5, మణికట్టు వైపు 6 వచ్చేలా వాలు తీయండి. చివరి 1.25 అంగుళాలు వాలు లేకుండా నిటారుగా ఉంచండి, లేకపోతే మడత లోపల బిగుసుకుంటుంది.
– జేబులు రెండు: 6 వెడల్పు, 7 పొడవు.

విడిగా పెట్టిన గుడ్డలో నుంచి:

– ముందు పట్టీలు రెండు: 3 వెడల్పు, 24.5 పొడవు, నిలువు పోగు వెంట.
– మెడకు క్రాసు పట్టీ: 1.25 వెడల్పు, 18 పొడవు. మధ్యలో ఒక అతుకు ఉన్నా పరవాలేదు, అది వెనక మెడ మధ్యలో పడకుండా చూసుకోండి.

మీ చేతి కొలత 28 కాకపోతే అతుకు పొడవు లెక్క ఇది. 28 స్థానంలో మీ కొలత వేసి, అందులో 21.25 తీసేసి, 1.75 కలపండి.

6. కుట్టే వరుస

వరుస మారిస్తే పని రెట్టింపవుతుంది. ముఖ్యంగా జేబులు, ముందు పట్టీలు గుడ్డ బల్ల మీద చదునుగా ఉన్నప్పుడే అయిపోవాలి.

6.1 ముందు పట్టీలు

పట్టీ వెనక సగం వెడల్పుకు బకరం అతికించండి. పట్టీని ముందు భాగం అంచుకు మంచి వైపులు కలిపి అర అంగుళం లోపల కుట్టండి. కుట్టును పట్టీ వైపు తిప్పి ఇస్త్రీ చేసి, అంగుళం వెడల్పు వచ్చేలా పట్టీని లోపలికి మడిచి పై కుట్టు వేయండి. కింద చివరి 3 అంగుళాలు కుట్టకుండా వదలండి.

కోసింది సరిగ్గా మధ్య గీత మీద, కుట్టు పడింది అర అంగుళం లోపల, పట్టీ వెడల్పు అంగుళం. కాబట్టి రెండు పట్టీలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, గుండీలు మధ్య గీత మీదే పడతాయి. పట్టీ వెడల్పు మారిస్తే ఈ లెక్క తప్పుతుంది.

6.2 చేతి అతుకులు

అర అంగుళం లోపల కుట్టి, ఓవర్‌లాక్ లేదా జిగ్‌జాగ్ చేసి, అతుకును మణికట్టు వైపు తిప్పి పైన ఇంకో కుట్టు వేయండి. ఒక చేతికి ముందు, ఒక చేతికి వెనక మారిపోకుండా చాక్‌తో గుర్తు పెట్టుకోండి.

6.3 జేబులు

పైన అంగుళం మడిచి కుట్టండి. మిగతా మూడు వైపులా అర అంగుళం చొప్పున లోపలికి ఇస్త్రీ చేయండి. జేబు పూర్తయ్యాక 5 వెడల్పు, 5.5 ఎత్తు ఉంటుంది. మధ్య గీత నుంచి 3 అంగుళాలు, కింది మడత గీత నుంచి 2 అంగుళాలు వదిలి పెట్టండి. రెండు ముందు భాగాలనూ పక్కపక్కన పరిచి జేబులు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూశాకే కుట్టాలి. పై మూలల్లో చిన్న త్రికోణం కుట్టు వేస్తే చెయ్యి పెట్టినప్పుడు చిరగదు.

6.4 మెడ

పట్టీలు కలిపి గుండు సూదులతో మూసి, చొక్కా వేసుకుని చూడండి. బిగుతుగా ఉంటే పావు అంగుళం తీయండి. పట్టీల పైభాగాన్ని కూడా మెడ గుండ్రానికి కలిపి కత్తిరించాలి, అక్కడ ముక్కు లేచి ఉండకూడదు.

క్రాసు పట్టీ కుట్టేముందు మెడ అంచు చుట్టూ ఒక్క వరుస కుట్టు వేయండి, సాగకుండా ఉంటుంది. ఆ తర్వాత పట్టీని పావు అంగుళంలో కుట్టి, లోపలికి తిప్పి, చేత్తో ఎత్తు కుట్టు (హెమ్మింగ్) వేయండి. ముందు వైపు గుండ్రంలో పట్టీని కాస్త లాగి, వెనక వైపు లాగకుండా కుడితే మెడ ఒంటికి ఆనుకుంటుంది.

6.5 పక్క కుట్టు

మణికట్టు నుంచి చంక మీదుగా కిందికి ఒకే కుట్టు, అర అంగుళం లోపల. కింది మడత గీతకు 7 అంగుళాల పైన ఆపి రివర్స్ కుట్టుతో బిగించండి. చీలిక అక్కడి నుంచి మొదలు.

ఈ చొక్కా ముందుగా చిరిగేది చంకలోనే. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ బరువంతా ఆ వంపు మీద పడుతుంది. అందుకని చంకకు అటూ ఇటూ 3 అంగుళాల మేర కుట్టును చిన్నది చేయండి, 2 మిల్లీమీటర్లు. కుట్టు మీద అర అంగుళం వెడల్పు, 5 అంగుళాల పొడవు క్రాసు ముక్క పెట్టి రెండో వరుస వేయండి. ఆ తర్వాత వంపులో అర అంగుళానికొక గాటు. గాటు కుట్టుకు తగలకూడదు, అసలు లేకపోతే చంక ముడుచుకుంటుంది.

6.6 చీలికలు, కింది మడత, చేతులు

పక్క కుట్టును రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి. చీలిక దగ్గర ఆ అర అంగుళాన్నే పావు, పావుగా మడిచి కుట్టండి. చీలిక పైన అడ్డంగా నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ కుట్టు పడాలి.

ముందు పట్టీ కింది కొసను తిరగేసి, మడత గీత మీద అడ్డంగా కుట్టి, మూల కత్తిరించి తిప్పండి. అప్పుడు కింద అంచు మందంగా ఉండదు. కింది అంగుళాన్ని రెండు మడతలుగా, చేతి చివర 1.25 అంగుళాన్ని అలాగే.

6.7 గుండీలు

మొదటిది మెడకు అర అంగుళం కింద. మిగతావి 4 అంగుళాలకొకటి. ఐదోది చీలిక మొదలయ్యే మట్టానికి కాస్త కింద పడుతుంది. కాజాలు నిలువుగా తీయండి, అడ్డంగా తీస్తే అంగుళం పట్టీ చాలదు. ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య నోరు తెరుచుకుంటే అక్కడ లోపల ఒక టిచ్ బటన్.

7. తేడా వస్తే

చొక్కా వెనక్కి జారి, ముందు మెడ గొంతుకు నొక్కుతోంది: ముందు మెడను పావు అంగుళం లోతు చేయండి. భుజం దగ్గర ఏమీ తీయొద్దు.

చెయ్యి ఎత్తితే చొక్కా అంతా పైకి వస్తోంది: చంక లోతు ఎక్కువైంది. చంక కుట్టును అర అంగుళం పైకి మార్చి కొత్త వంపు కుట్టండి. 

ఒక చెయ్యి మెలిక తిరిగింది: పోగు వంకరగా మడిచారు. ఇస్త్రీతో సరికాదు. చేతి అతుకు విప్పి, ఆ ముక్కను తిప్పి కుడితే కొంత కనిపించకుండా పోతుంది, అంతే.

చీలిక పైన గుడ్డ గుంజుతోంది: పిరుదులకు చాలలేదు. చీలికను ఒక అంగుళం పైకి పెంచండి.

8. ప్యాంటు

ఇది మనకు తెలిసిన ఇలాస్టిక్ పైజమా కటింగే, కొత్తది ఏమీ లేదు. నల్ల శాటిన్ లేదా పలచటి నూలు, 2.3 మీటర్లు. పిరుదుల కొలతకు 5 అంగుళాలు కలుపుకోండి. కాలి చివర చుట్టూ 20 అంగుళాలు, చీలమండ దాకా పొడవు. పక్క కుట్టు లేకుండా ఒక్కో కాలు ఒక్కో ముక్కలో తీస్తే జారుడుగా పడుతుంది. పలాజోలా వెడల్పు చేయొద్దు, చొక్కా కింద గుట్టలా కనిపిస్తుంది. పైన జేబులు అక్కర్లేదు, అవి చొక్కాకు ఉన్నాయిగా.

9. కండువా, టోపీ

గళ్ళ కండువా పేరు ఖన్ రన్. నలుపు తెలుపు గళ్ళు, లేదా ఎరుపు తెలుపు గళ్ళు. దగ్గర్లో ఉన్న ఖ్మేర్ (కంబోడియా) ప్రజల గళ్ళ గుడ్డకు ఇది చుట్టం. డోంగ్ థాప్ రాష్ట్రంలోని లోంగ్ ఖాన్‌లో నేస్తారు. మన దగ్గర అరచేతి కంటే చిన్న గళ్ళున్న నూలు తువ్వాలు దాదాపు అలాగే ఉంటుంది. అర మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు చాలు. మెడ వెనక నుంచి తెచ్చి రెండు కొసలూ ముందుకు వేలాడేయడం ఒక పద్ధతి, పనిలో ఉన్నప్పుడు తలకు చుట్టి ముడి వేయడం ఇంకొకటి. స్కార్ఫ్‌లా పిన్ను పెట్టొద్దు.

ఆకుల టోపీ నోన్ లా. కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి, చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే వాన నీళ్ళు కారతాయి. లోపలి వెదురు చట్రాలు మామూలుగా 16 ఉంటాయి. అవి సమదూరంలో ఉన్నాయా, కుట్లు తెగాయా అన్నది కూడా చూడాలి. గడ్డం కింద రిబ్బను విడిగా కట్టుకోవాలి. రెండు వైపులా ఒకే చట్రానికి ఎదురెదురుగా కట్టండి. చట్రాలు తప్పితే టోపీ ఒక చెవి మీదకి ఒరుగుతుంది.

10. ఉతకడం, దాచడం

– మొదటి మూడు ఉతుకులు విడిగా, చల్లని నీళ్ళతో.
– భుజం మడత దగ్గర క్లిప్పు పెట్టి ఆరేయొద్దు, అక్కడ కుట్టు లేదు కాబట్టి గుడ్డ సాగి గుబ్బ పడుతుంది. రెండు చేతుల్లోంచి కర్ర దూర్చి ఆరేయండి.
– పట్టు అయితే తక్కువ ఘాటున్న షాంపూ నీళ్ళు, నీడ, వెనక వైపు నుంచి ఇస్త్రీ.
– టోపీ తడిస్తే గోడకు ఆనించకుండా, తాడుకు వేలాడదీసి గాలికి ఆరనివ్వండి. ఒకవైపు ఆనిస్తే ఆకు అక్కడే నల్లబడి బూజు పడుతుంది.